చిల్లులా, గంట్లా

స్టెల్వియో కనుమలో మలుపులకి
పైనుంచి కిందికి నంబర్లు, నలభై ఎనిమిది దాకా.
ఇరవై రెండు దగ్గర బ్రేకు పెడల్
నానిన అటుకుల్లా మెత్తబడింది.
ఇరవై మూడు దగ్గర అసలు లేదు.
వెనక గడ్డి మీద రెండ్రోజుల దూడ,
విరిగిన కాలికి నేను వేసిన కట్టు.
సెకండ్ గేరు, ఫస్ట్ గేరు, హ్యాండ్ బ్రేకు,
కొండ గోడకి కారు పక్కటెముకలు రాసుకుంటూ
ఎలాగో నిలబడ్డాం.
చక్రాల్లోంచి పొగ. మాడిన కొమ్ము వాసన.
కొమ్ములు కాల్చే పని నాదే కనక గుర్తుపట్టాను.
దూడ నా మోచెయ్యి నాకుతూ ఉంది, దానికేం.

మర్నాడు ప్రాడ్‌లో గెబ్‌హార్ట్ షెడ్డుకి వెళ్ళి
"రేసు కార్లకి వేసేవి వెయ్యి" అన్నాను.
చేతులు కాలాక పట్టుకునే ఆకుల్లో
ఖరీదైనవే కావాలనిపిస్తుంది.

పనివాడు వీగిల్‌కి పద్దెనిమిదేళ్ళు.
చిల్లుల డిస్కు తెచ్చి కిటికీ వెలుతురుకి పట్టాడు.
వాడి మొహం నిండా ఎండ బిళ్ళలు.
"చక్రం సందుల్లోంచి కనపడుతుంది డాక్టర్ గారూ,
ఆపిన చోటల్లా జనం చూస్తారు."
నిజమే, ముక్కుపుడక పెట్టుకున్నంత అందంగా ఉంది.

గెబ్‌హార్ట్ ఏమీ అనలేదు.
మేకుకి వేలాడుతున్న పాత చిల్లుల డిస్కుని
స్పానర్‌తో తట్టాడు. ఠప్.
కొత్తదాన్ని తట్టాడు.
ఖంగుమని సాగి షెడ్డంతా తిరిగొచ్చింది.
కుండ కొనేవాళ్ళు చేసే పనే.
ఆవు ఎడమ డొక్క మీద వేలితో కొట్టి
పొట్ట పక్కకి జరిగిందో లేదో చెప్పేదాన్ని,
నాకు వేరే విడమర్చాలా?
వంగి చూశాను. చిల్లు నుంచి చిల్లుకి
వెంట్రుకంత బీట.
"వేడి పోవడానికండీ చిల్లులు" అన్నాడు వీగిల్.
"బీట పోవడానికి కూడా" అన్నాడు ముసలాయన.

సెరామిక్‌వి కేటలాగులోనే చూశాం.
నా కారు అమ్మితే ఒక్క చక్రానికి వస్తుంది.
పైగా చలికి పొద్దున్నే సరిగ్గా కరవవట.
నన్ను పిలిచే ఆవులన్నీ తెల్లవారుజామునే ఈనుతాయి.

మిగిలింది ఇది:
కార్బన్ ఎక్కువ కలిపిన పోత ఇనుము, లోపల గాలి దారులు,
ముఖం మీద, తిరగలికి కొట్టినట్టు,
ఆరు వంపు గంట్లు.
"మసినీ తడినీ తుడుచుకుంటాయి.
కానీ మూలుగుతాయి. ప్యాడ్లని త్వరగా తినేస్తాయి."
మూలిగేవాటితోనే నా బతుకంతా, వెయ్యమన్నాను.

అప్పుడు చేతులు తుడుచుకుంటూ చెప్పాడు:
"నిన్న మోసం చేసింది డిస్కులు కాదు, బ్రేకాయిలు.
మార్చి ఆరేళ్ళయింది. గాల్లో తేమంతా తాగింది.
నీళ్ళు మరిగితే ఆవిరి.
ఆవిరిని తొక్కితే కాలికి ఏం తగులుతుంది?"
సీసాలో పట్టి చూపించాడు, డికాక్షన్ రంగు.
కొత్తదాని ఖరీదు రెండు పూటల భోజనం.
పొదుగు వాచిందని పొదుగే చూడకు,
అది పడుకునే చోటు చూడు అని
ఊరూరా నేను చెప్పే మాటని
తిరిగి నాకే అప్పగించాడు.
సిగ్గేసింది. అయినా డిస్కులు వద్దనలేదు,
పాతవి అరిగి అంచులు లేచిన పళ్ళేలయ్యాయి.

"మొదటి ముప్పై సార్లూ పూర్తిగా ఆపకు,
నెమ్మదించి వదిలెయ్యి.
వేడి మీద నొక్కిపట్టావా, ప్యాడు అచ్చు పడుతుంది."
ఆపిల్ తోటల మధ్య
ఎనభై, ఇరవై, ఎనభై, ఇరవై.
డాక్టరమ్మ దారి మర్చిపోయిందేమోనని
కాయలు కోసేవాళ్ళు నిచ్చెనల మీంచి చూశారు.

పరుగెత్తి పాలు తాగేవాళ్ళు వేసవంతా
మోటార్ సైకిళ్ళ మీద నన్ను దాటి పోతూనే ఉన్నారు.
నిలబడి నీళ్ళు తాగాలన్నా
ముందు నిలబడగలగాలి కదా.

సెప్టెంబరు మొదటి వారం, రాత్రి రెండు.
పై మేతలో కవలల కాన్పు చేసి దిగుతున్నాను.
ఇరవై మూడు దగ్గర
ఎదురెవరూ లేరు,
ఊరికే ఆపాను.
గంట్లు ఒకసారి మూలిగి ఊరుకున్నాయి.
స్వెట్టర్‌కి ఇంకా ఉమ్మనీటి వాసన.
చల్లారే ఇనుము టిక్కుటిక్కుమంటోంది.
హ్యాండ్ బ్రేకు వేసి,
ఆయన చెప్పినట్టే,
పెడల్ మీంచి కాలు తీశాను.